మెనూ కార్డు మీద ఉప్పు గుర్తు ఎవరి కోసం?

(కడపలో హోటళ్ల యజమానులు, వంట మాస్టర్లు, ఉదయపు నడక మిత్రులు కలిసి పెట్టుకున్న ఆదివారం సభలో, పోషకాహార పాఠాలు చెప్పి రిటైరైన ఒక అధ్యాపకురాలి ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో హోటళ్ల వాళ్లు, వెనక వరసల్లో బీపీ మాత్రల వాళ్లు కూర్చున్నారు. ఎవరు సర్దారో గానీ బాగా సర్దారు. ఈ పూట నేను మాట్లాడేది మీ రెండు వర్గాల మధ్య వ్యవహారమే. వెనక ఉన్నవాళ్లు ముందున్నవాళ్ల మీద ఫిర్యాదు చేయాలని వచ్చారేమో, కాస్త ఆగండి. లెక్క చూశాక ఎవరి మీద ఎంత పడుతుందో చూద్దాం.

విషయం ఏమిటి? హోటల్ మెనూలో ఫలానా వంటకంలో ఉప్పు ఎక్కువ ఉందని గుర్తు పెడితే ఏమవుతుంది? జనం మానేస్తారా? తగ్గిస్తారా? చూసీ చూడనట్టు పోతారా? ఇది ఊహించుకుని మాట్లాడుకునే సంగతి కాదు. కొన్ని ఊళ్లలో చేసి చూశారు.

2015 సెప్టెంబరులో న్యూయార్క్ నగర ఆరోగ్య మండలి ఒక నిబంధన తెచ్చింది. అమెరికా మొత్తం మీద 15 అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటల్ అయితే, ఏ వంటకంలోనైనా 2,300 మిల్లీగ్రాములు, ఆపైన సోడియం ఉంటే మెనూలో ఆ పేరు పక్కన ఒక గుర్తు వేయాలి. త్రికోణం, లోపల ఉప్పు చల్లే డబ్బా బొమ్మ. కింద నాలుగు మాటలు: ఇందులో ఒక రోజుకు మించిన సోడియం ఉంది, ఎక్కువైతే రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది అని. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమలు. వేయకపోతే 200 డాలర్ల జరిమానా. రెస్టారెంట్ల జాతీయ సంఘం ఊరుకుంటుందా? కోర్టుకు పోయింది. 2017లో అప్పీలు కోర్టు కూడా నగరం వైపే చెప్పింది. 2019లో ఫిలడెల్ఫియా నగరమూ అదే పద్ధతి మొదలుపెట్టింది.

2,300 మిల్లీగ్రాముల సోడియం అంటే మన భాషలో ఎంత? ఉప్పులో సోడియం నూటికి నలభై పాళ్లు. కాబట్టి 2,300 మిల్లీగ్రాములంటే దగ్గర దగ్గర 5.8 గ్రాముల ఉప్పు. ఒక టీ స్పూను తలగొట్టి. అది వాళ్ల లెక్కలో పెద్దమనిషికి రోజంతటికీ హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకాస్త బిగించి 5 గ్రాముల లోపే అంటుంది. మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ 5 గ్రాములే. నేను ఇక మీదట మిల్లీగ్రాముల సోడియం అననులెండి. గ్రాముల ఉప్పు అంటాను. మాస్టర్ల చేతికి తగిలేది ఉప్పే కదా, సోడియం కాదు కదా.

మరి మనం ఎంత తింటున్నాం? ఇది మన రాష్ట్రంలోనే కొలిచారు. ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి, అందులో సోడియం చూసి లెక్క కట్టారు. నోటితో చెప్పిన లెక్క కాదు, ఒంట్లోంచి వచ్చిన లెక్క. 2017లో అచ్చయింది. ఆంధ్రప్రదేశ్‌లో సగటున రోజుకు 9.46 గ్రాములు. ఢిల్లీ, హర్యానాల్లో 8.59. పూరీలూ పరాఠాలూ తినేవాళ్ల కంటే ఊరగాయ వాళ్లం దాదాపు ఒక గ్రాము ముందున్నాం. గెలిచాం అనుకోవాలేమో!

నవ్వుతున్నారు గానీ, హద్దుకు దాదాపు రెండింతలు. ఉప్పు ఎక్కువైతే ఒళ్లు నీళ్లు పట్టి ఉంచుకుంటుంది. నాళాల్లో రక్తం పరిమాణం పెరుగుతుంది, గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది. "ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదు" అన్న మన సామెతకు ఒంట్లో జరిగేది అదే. హోటల్లో నీళ్ల బాటిలు బిల్లు వేరే అనుకోండి. 2023లో భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్ వాళ్ల పెద్ద సర్వే బయటికి వచ్చింది. దేశంలో పెద్దవాళ్లలో నూటికి 35 మందికి పైగా బీపీ ఉంది. ఈ హాల్లో ఆ నిష్పత్తి ఇంకా ఎక్కువే ఉంటుందని వెనక వరసలు చూస్తే తెలుస్తోంది.

ఇప్పుడు ముందు వరస అన్నలకు ఒక అవకాశం ఇస్తాను. మీ తరఫున వాదన నేనే చేస్తాను. అమెరికాలో జనం తినే సోడియంలో నూటికి డెబ్బై పాళ్లు ప్యాకెట్లలోంచి, హోటళ్లలోంచి వస్తుంది. ఇంట్లో వండేటప్పుడు వేసేది, తినేటప్పుడు చల్లుకునేది కలిపినా పదిపన్నెండు పాళ్లే. అందుకని వాళ్లు హోటళ్ల మీద పడ్డారు. మనకు అది తిరగబడి ఉంటుంది. మన ఉప్పులో అధిక భాగం ఇంటి పొయ్యి మీదే పడుతుంది. పప్పులో, చారులో, తాలింపులో, రోటి పచ్చడిలో, ఆఖర్న పెరుగన్నంలో. మరి ఇంటిని వదిలేసి హోటల్ మెనూ మీద గుర్తు పెట్టమనడం ఏ న్యాయం? అడగండి, అడగాల్సిన ప్రశ్నే.

నా జవాబు ఇది. ఇంట్లో ఉప్పు డబ్బా మన చేతిలో ఉంటుంది. ఆ చేతిని మనం చూడగలం. హోటల్లో ఆ చేయి కనపడదు. కనపడనిదానికే గుర్తు కావాలి. పైగా కడప ఇప్పుడు పాతికేళ్ల కిందటి కడప కాదు. పొద్దున టిఫిన్ సెంటరు, మధ్యాహ్నం కర్రీ పాయింటు, రాత్రి ఫోన్లో ఆర్డరు. కర్రీ పాయింటు నుంచి కూర, సాంబారు కవర్లలో తెచ్చుకుని ఇంట్లో అన్నం మాత్రం కుక్కర్లో పెట్టుకునే ఇళ్లు ఎన్ని లేవు? ఆ ఇంట్లో ఉప్పు ఇంటిదా, హోటల్‌దా?

సరే, గుర్తు పెడితే జనం ఏం చేశారు? ఇంగ్లండులో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వాళ్లు రెండు విధాలుగా చూశారు. ఫలితాలు 2025లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చాయి. ఒకటి ఆన్‌లైన్‌లో, రెండు వేల పైచిలుకు మందితో. తెర మీద మెనూ చూసి ఎంచుకోమన్నారు. గుర్తులున్న మెనూ చూసినవాళ్లు ఎంచుకున్న భోజనంలో ఉప్పు సగటున 0.26 గ్రాములు తగ్గింది. రెండోది నిజం రెస్టారెంటులో, నాలుగు వందల పైచిలుకు మంది మీద. అక్కడ 0.54 గ్రాములు తగ్గింది.

అర గ్రాము. అంతేనా, అనిపిస్తుంది. అంతే. రెండు వేళ్లతో పట్టే చిటికెడు. దీని కోసమా ఇంత గొడవ, కోర్టులు, జరిమానాలు?

ఇక్కడ ఒక్క నిమిషం నిలబడదాం. ఒక మనిషికి ఒక పూట అర గ్రాము తగ్గితే ఆ మనిషి బీపీ మిషన్లో ఏమీ కనపడదు. నేను దాచను. మీ డాక్టరు మాత్ర తగ్గించడు. కానీ హోటల్ అంటే ఒక మనిషి కాదు కదా. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అన్నకు తెలుసు, రోజుకు ఎన్ని ప్లేట్లు పోతాయో. చిటికెడు చొప్పున ఊరంతా తగ్గితే ఆ ఊర్లో ఏడాదికి పడే పక్షవాతాల లెక్కలో తేడా వస్తుంది. ఉప్పు సంగతి మందు లాంటిది కాదు, ఒక మనిషికి ఎక్కువ మేలు చేయదు, చాలామందికి కొంచెం కొంచెం చేస్తుంది. ఆ లెక్కన అర గ్రాము చిన్నదేమీ కాదు.

అయినా నాకు ఈ గుర్తు విషయంలో తినేవాడి సంగతి కంటే వండేవాడి సంగతి ముఖ్యం అనిపిస్తుంది. ఈ పూట నేను చెప్పదలచింది కూడా ఇదే. ఆ గుర్తు చదవాల్సింది తినేవాడని మనం అనుకుంటాం. అసలు చదువరి వంటగదిలో ఉంటాడు. యజమానికి తన మెనూ మీద, తన పేరున్న బోర్డు మీద ఆ త్రికోణం పడటం ఇష్టం ఉండదు. ఏం అన్నా, ఇష్టం ఉంటుందా? పక్క హోటల్ దోశకు లేదు, నా దోశకు ఉందంటే నిద్ర పడుతుందా? అప్పుడేం చేస్తాడు? మాస్టర్ని పిలిచి, ఇది ఆ గీత కిందికి రావాలయ్యా అంటాడు. గుర్తు పడకుండా చూసుకోవడమే గుర్తు చేసే పెద్ద పని.

ఇది నా ఊహ కాదు. ఫిన్లండులో 1993 నుంచి బ్రెడ్డు, చీజు, సాసేజు లాంటివాటిలో ఉప్పు ఒక హద్దు దాటితే ప్యాకెట్ మీద "ఉప్పు ఎక్కువ" అని రాయాల్సిందే. ఆ మాట రాసుకోవడం ఇష్టం లేని కంపెనీలు ఉప్పే తగ్గించుకున్నాయి. చిలీ దేశంలో 2016 జూన్ నుంచి నల్లటి ఎనిమిది మూలల ముద్ర వచ్చింది. చక్కెర, ఉప్పు, కొవ్వు, క్యాలరీలు, ఏది ఎక్కువైతే దానికి ముద్ర. ముద్రకు లోబడే సరుకులు నూటికి 51 ఉన్నవి, చట్టం వచ్చిన మొదటి ఏడాది తిరిగేసరికి 44కు దిగాయి. కొనేవాడు మారకముందే చేసేవాడు మారాడు.

అయితే అవి ప్యాకెట్లు. ప్యాకెట్ కంపెనీకి ల్యాబ్ ఉంటుంది, ప్రతి బ్యాచ్ ఒకే తూకం. మన హోటల్‌కు మాస్టరు ఉంటాడు. ఆయన చేతికి తూకం లేదు, గుప్పెడు ఉంది. పొద్దున మాస్టరు గుప్పెడు వేరు, ఆయన సెలవు పెడితే వచ్చిన తమ్ముడి గుప్పెడు వేరు. కల్లుప్పు గుప్పెడు వేరు, సన్న ఉప్పు గుప్పెడు వేరు. ఒకే స్పూనుతో కొలిచినా సన్న ఉప్పు ఎక్కువ బరువు తూగుతుంది, కల్లుప్పు రాళ్ల మధ్య ఉన్నంత ఖాళీలు ఇందులో ఉండవు కాబట్టి. ఇట్లాంటి వంటగదిలో గుర్తు ఎవరికి వేయాలి? ఆ రోజు మాస్టరుకా?

ఇంకో చిక్కు చెబుతాను. మన మెనూ ఎక్కడుంది? గోడ మీద బోర్డు ఉంటుంది, ధరలు మాత్రం మారుతుంటాయి. కార్డు ఉంటే ఉంటుంది. నిజమైన మెనూ మన సర్వరు నోట్లో ఉంటుంది. "ఇడ్లీ, వడ, ఉగ్గాని బజ్జి, కారం దోశ, పూరీ, ఏం కావాల సార్" అని ఊపిరి తీసుకోకుండా చెబుతాడు. ఆ త్రికోణం ఎక్కడ పెడతారు? నోటి మీదా?

నవ్వులాటకు అన్నా ఇది అసలు సమస్య. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన నిబంధనల్లో మెనూ సంగతి ఉంది. సెంట్రల్ లైసెన్సు ఉన్నవాళ్లు, పది అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్నవాళ్లు మెనూలో ప్రతి వంటకానికీ క్యాలరీలు రాయాలి. 2022 జూలై నుంచి అమలు. మెనూ మీద క్యాలరీలు తప్పనిసరి. ఉప్పు కాదు. మన ఊరి టిఫిన్ సెంటరుకు అదీ వర్తించదు. కాబట్టి అన్నలూ, ఈ రోజు ఎవరూ మీ మీద కేసు పెట్టడానికి రాలేదు, టెన్షన్ పడకండి. చట్టం వచ్చేదాకా ఆగుతారా, ముందే మీ లెక్క మీరు తెలుసుకుంటారా అన్నదే మనం మాట్లాడుకుంటున్నది.

లెక్క ఎట్లా వేయాలో చూపిస్తాను. నోటికి "సరిపోయింది" అనిపించే కూరలో, సాంబారులో నూటికి ఒక పాలు అటూ ఇటూ ఉప్పు ఉంటుంది. అంటే వంద గ్రాములకు ఒక గ్రాము. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, మిగతాదంతా కూడికలే.

బిర్యానీ తీసుకుందాం. ఒక ప్లేటు అన్నం, ముక్కలు కలిపి 600 గ్రాములు అనుకోండి. నూటికి ఒకటి చొప్పున 6 గ్రాములు. అంటే న్యూయార్క్‌లో అయితే ఆ ప్లేటుకు త్రికోణం పడ్డట్టే. ఒక్క ప్లేటు, ఒక రోజు కోటా. సేర్వా, రైతా ఇంకా లెక్కలోకి రాలేదు. ఉత్త అన్నం ప్లేటు అయితే ఆ బాధ లేదు, మనం అన్నం ఉప్పు లేకుండానే వండుతాం. ఆ అలవాటు మనకు మంచి చేస్తోంది. బిర్యానీకి అన్నమే ఉప్పు పట్టుకుని వస్తుంది.

ఇప్పుడు మన కారం దోశ. కడపలో దాని మీద మాట అంటే నన్ను ఊర్లోంచి పంపేస్తారు, అయినా అంటాను. దోశ పిండి 150 గ్రాములు, 1.5 గ్రాముల ఉప్పు. పైన పూసే ఎర్రకారం ఉంది చూశారా, అది కూర కాదు, పచ్చడి. అందులో ఉప్పు కూర కంటే ఎక్కువే పడుతుంది. పెద్ద స్పూను పూస్తే ఇంకో గ్రాము. పప్పుల పొడి చల్లితే కొంత. చనక్కాయ చట్నీ అర గ్రాము. కూడితే 3 గ్రాములు దాటింది. ఒక్క దోశ, పొద్దున పూట. దీనికి త్రికోణం పడుతుందా? పడదు! హద్దులో సగం మాత్రమే. కానీ కారం దోశ ఒక్కటి తిని లేచేవాడు ఎవరున్నారు ఇక్కడ? చేతులెత్తండి. చూశారా, ఒక్కరూ లేరు.

అమెరికా గుర్తు మనకు సరిపోనిది సరిగ్గా ఇక్కడే. వాళ్లకు ప్లేటు అంటే ఒక వంటకం, ఒక పేరు, ఒక ధర. మనకు ప్లేటు అంటే ఒక ఊరేగింపు. ఫుల్ మీల్స్ సంగతి చూడండి. పప్పు, రెండు కూరలు, సాంబారు, రసం, పచ్చడి, అప్పడం, పెరుగు. సాంబారు "ఇంకాస్త వేయనా" అని మూడు మార్లు వస్తుంది. ఏ ఒక్కదానికీ గుర్తు పడదు. అన్నీ కలిపితే ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఊరగాయలో నూటికి పది పాళ్ల దాకా ఉప్పు ఉండటం మామూలే, ఒక స్పూను నంజుకుంటే గ్రాము పైన. అప్పడంలో ఉప్పు సరే, పిండిలో సోడాలాగా కలిపే అప్పడాల ఖారం కూడా సోడియమే. బజ్జి పిండిలో వంటసోడా కూడా సోడియమే. నాలుకకు ఉప్పగా తగలదు గానీ ఒంటికి లెక్కే. అందుకని మన దగ్గర గుర్తు పెడితే వంటకానికి కాదు, భోజనానికి పెట్టాలి. "ఈ భోజనంలో మొత్తం ఇంత ఉప్పు" అని. గీత కూడా రోజు కోటా మీద కాకుండా పూట కోటా మీద గీయాలి. ఒక పూటకు రెండు గ్రాములు దాటితే చెప్పాలి. నన్నడిగితే అంతే.

"మేడం, ఉప్పు తగ్గిస్తే కస్టమర్ పక్క హోటల్‌కు పోతాడు." ఎవరో అన్నారు, గొంతు ఇటునుంచి వచ్చింది. అన్నా, మీ భయం నిజమైనదే. ఉప్పు లేని పప్పు ఎవరు తింటారు? కానీ ఒక్కసారిగా తగ్గిస్తేనే కస్టమర్‌కు తెలుస్తుంది. నాలుక ఉప్పుకు అలవాటు పడినట్టే, కొన్ని వారాల్లో తక్కువ ఉప్పుకూ అలవాటు పడుతుంది. బ్రిటన్‌లో 2003 తర్వాత బ్రెడ్డు దగ్గర్నుంచి అన్నింట్లో మెల్లమెల్లగా తగ్గించుకుంటూ పోయారు. రుచి మారిందని జనం గొడవ చేయలేదు. జనం తినే ఉప్పు సగటు 9.5 గ్రాముల నుంచి 2011 నాటికి 8.1కి దిగింది. మీరు కూడా బోర్డు పెట్టి తగ్గించొద్దు. "మా దగ్గర ఉప్పు తక్కువ" అని బోర్డు పెడితే తినకముందే చప్పగా ఉందంటారు. ఈ నెల కిలోకు 10 గ్రాములు వేస్తే వచ్చే నెల తొమ్మిదిన్నర వేయండి. ఎవరైనా కనిపెడితే నన్ను పిలవండి.

ఇంకో మాట. మన జనం హోటల్లో "కారం తక్కువ వేయి" అని ధైర్యంగా చెబుతారు. "నూనె తక్కువ" అని చెబుతారు, డాక్టరు చెప్పాడని. "ఉప్పు తక్కువ" అని చెప్పినవాళ్లను మీరెంతమందిని చూశారు? సర్వరన్నలు చెప్పాలి. లేరు కదా? ఎందుకంటే అది అడగొచ్చని ఎవరికీ తట్టదు. గుర్తు పెడితే అడగడానికి ఒక సందు దొరుకుతుంది. అయితే అడిగితే చేయగలిగినవీ ఉన్నాయి, చేయలేనివీ ఉన్నాయి. ఆమ్లెట్టు, ఫ్రైడ్ రైసు, ఉగ్గాని, అప్పటికప్పుడు తాలింపు పెట్టే వేపుడు, వీటిలో తగ్గించొచ్చు. దోశ పిండి రాత్రే కలిపేశారు, సాంబారు తెల్లవారుజామునే కాగింది, బిర్యానీ దమ్ము కూడా అయిపోయింది. అప్పుడు కస్టమర్ అడిగి ఏం లాభం? కారం దోశ మీద ఎర్రకారం సగం పూయడం మాత్రం పెనం దగ్గర ఎప్పుడైనా కుదురుతుంది. కాబట్టి సర్వరుకు చెప్పి పెట్టండి, ఏవి తగ్గించగలమో అవే చెప్పమని. అప్పుడు ఆ నోటి మెనూలోనే గుర్తు పడ్డట్టు.

వెనకనుంచి ఒక పెద్దాయన చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు. చెప్పండి నాయనా... ఆయన అడుగుతున్నది అందరికీ వినపడిందా? "మన దగ్గర మేలో ఎండ మండిపోతుంది, చెమటలో ఉప్పంతా పోతుంది, సీమ మనిషికి ఉప్పు ఎక్కువే కావాల" అంటున్నారు. ఈ మాట నేను ప్రతి ఊర్లో వింటాను. కొంత నిజం ఉంది. పగలంతా ఎండలో మడక దున్నినవాడికి, రాయి కొట్టేవాడికి చెమటలో ఉప్పు పోతుంది. కానీ ఒళ్లు తెలివైనది. ఎండకు అలవాటు పడిన కొద్దీ చెమటలో ఉప్పును పట్టి ఉంచుకుంటుంది, చెమట పలచబడుతుంది. సీమలో పుట్టి సీమలో పనిచేసేవాడి ఒంటికి ఆ విద్య ఎప్పుడో వచ్చేసింది. పైగా రోజుకు తొమ్మిది గ్రాములు తినేవాడికి మామూలుగా ఉప్పు చాలకపోవడం ఉండదు. నీళ్లు చాలకపోవచ్చు. ఎండకు నీరసపడినా, విరేచనాలు పట్టుకున్నా ఓఆర్‌ఎస్ తాగండి. ఒక లీటరు నీళ్లకు ఉన్న ప్యాకెట్లో ఉప్పు, గ్లూకోజు, పొటాషియం కొలిచి కలిపి ఉంటాయి. మరి మీరు నాయనా, మడక దున్నుతున్నారా ఇప్పుడు? పొద్దున స్టేడియం చుట్టూ నడిచి, ఆనక టిఫిన్‌కు పోతున్నారు కదా! నడిచినదానికి కారం దోశ పరిహారం కాదు.

సైంధవ లవణం సంగతి కూడా అడుగుతున్నారు ఆ అమ్మ. అమ్మా, రంగు గులాబీగా ఉన్నా, ధర ఎక్కువైనా అదీ ఉప్పే, దాదాపు అంతా సోడియం క్లోరైడే. పైగా అయోడిన్ కలపనిది అయితే ఆ మేలూ పోతుంది.

పొటాషియం కలిపిన ఉప్పు వేరు. అది నిజంగా పనిచేస్తుంది. చైనాలో 600 ఊళ్లలో, దాదాపు 21,000 మంది మీద పెద్ద ప్రయోగం చేశారు. సగం ఊళ్లకు మామూలు ఉప్పు, సగం ఊళ్లకు నాలుగో వంతు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు. 2021లో ఫలితం వచ్చింది, పక్షవాతాలు నూటికి 14 పాళ్లు తగ్గాయి. వాడిన ఉప్పు మారింది, వండే పద్ధతి మారలేదు. ఇంట్లో వండుకునేవాళ్లకు, మనలాంటి దేశానికి ఇది గుర్తు కంటే పెద్ద పని చేయొచ్చు. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పొటాషియం పేరుకుని గుండె మీదికి వస్తుంది. బీపీ మాత్రల్లో కొన్ని కూడా పొటాషియాన్ని పట్టి ఉంచుతాయి. ఇంట్లో అయితే డాక్టర్ని అడిగి వాడుకోండి. హోటల్ వాళ్లు మాత్రం చెప్పకుండా వాడొద్దు. మీ దగ్గర తినేవాడి కిడ్నీలు ఎట్లున్నాయో మీకు తెలియదు. వాడితే బోర్డు మీద రాయండి. అది కూడా ఒక గుర్తే కదా.

ఇక మాస్టర్లకు. ఇంటికి పోయాక, రేపు పొద్దున, ఏం చేయాలి? ల్యాబ్ వద్దు, కన్సల్టెంట్ వద్దు. వంటగదిలోకి ఒక చిన్న డిజిటల్ తాసు తెచ్చుకోండి. గుప్పెడు వేసే ముందు ఆ గుప్పెడు తాసులో పోసి చూడండి, తర్వాత గుండిగలో పోయండి. వంట అయ్యాక మొత్తం ఎన్ని కిలోలైందో తూచి, దానితో భాగించండి. సాంబారుకు, పప్పుకు, చట్నీకి, దోశ పిండికి ఈ లెక్క నికరంగా వస్తుంది. బిర్యానీకి రాదు, ఎందుకో మాస్టర్లకు తెలుసు. ఎసరులో వేసిన ఉప్పు సగానికి పైగా వంపేసిన నీళ్లతో పోతుంది, మ్యారినేషన్లో వేసింది మాత్రం మొత్తం ప్లేట్లోకి వస్తుంది. అందుకని బిర్యానీని చివరికి పెట్టుకోండి.

మొదట ఏది? చట్నీ. ఎందుకంటారా? ఇడ్లీకి, దోశకు, వడకు, బజ్జికి అన్నింటికీ అదే పోతుంది, అడిగినవాడికి అడిగినంత పోతుంది, దానికి ధర లేదు కాబట్టి లెక్కా లేదు. చట్నీలో కిలోకు రెండు గ్రాములు తగ్గించినా పక్కన కారం, పులుపు ఉంటాయి కాబట్టి నాలుక పట్టుకోలేదు. రెండు వారాలు చూడండి. ఎవరైనా "చట్నీలో ఉప్పు తక్కువైంది" అన్నారా, ఎంతమంది అన్నారు, గల్లాపెట్టె దగ్గర ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాలు పట్టుకుని మళ్లీ కలుద్దాం. అప్పుడు ఎర్రకారం జోలికి పోదాం.